పోయినాడంటే యాడికి?

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నంద్యాల ఆఫీసుకు టీ వచ్చింది. రోజూ వచ్చే టీయే. నేను గ్లాసు అందుకుంటుండగా మా ఆళ్ళగడ్డ విలేకరి మద్దిలేటి ఫోన్ చేశాడు.

"అన్నా, ఓబులాచారి సచ్చిపోయినాడని మన పేపరే ఏసింది. సూసినావా?"

"మన పేపరు రేపు పొద్దున గదప్పా వచ్చేది. ఇప్పుడెట్ల ఏస్తుంది?"

"పేపర్లో కాదన్నా. సంతలో."

సంత అని మేము పిలుచుకున్నది ఒక యాప్‌ను. దాని అసలు పేరు రాయను. అందులో ఎవరైనా ఏమైనా రాయవచ్చు, ఎవరైనా దాన్ని ఇంకొందరికి పంపవచ్చు, రాసినవాడు ఎవరో తెలియనవసరం లేదు. ఒకప్పుడు పత్రికలన్నీ ఎగబడి అందులో చేరాయి. కొన్నాళ్ళకు బూతులు, బెదిరింపులు, అబద్ధాలు పెరిగాయని కొన్ని పత్రికలు బయటికి వచ్చాయి, కొన్ని ఉండిపోయాయి. ఉన్నవాళ్ళూ, వచ్చేసినవాళ్ళూ కారణాలు గంభీరంగా ప్రకటించారు. మా పత్రిక రెండు పనులూ చేసింది. ముందు ఎందుకు ఉన్నామో చెప్పింది, తర్వాత ఎందుకు పోతున్నామో చెప్పింది. రెండు ప్రకటనలూ శ్రద్ధగా చదివాను. రెండింటిలోనూ ఓబులాచారి లేడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు, పత్రికలు అలాంటి చోట ఉండాలా, వద్దా అని. నా దగ్గర సిద్ధాంతం లేదు. ఆళ్ళగడ్డ శిల్పి ఒకాయనకు జరిగినది మాత్రం తెలుసు. అది రాస్తాను.

ఒక మాట, నాలుగు దారులు

నేను నంద్యాల డెస్కులో చేరినప్పుడు ఇన్‌ఛార్జి నారాయణరావు గారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. మా మాట ఆయన చెవికి పట్టడానికి కొంత కాలం పట్టింది. ఒకరోజు కొలిమిగుండ్ల విలేకరి ఫోన్ చేసి, ఒక సర్పంచ్ పేరు చెప్పి, "పోయినాడు సార్" అన్నాడు. నారాయణరావు గారు సంతాప వార్త రాయించారు. పాత ఫోటో వెతికించారు. పేజీ అచ్చుకు వెళ్ళే ముందు ఎందుకో అనుమానం వచ్చి, తానే ఫోన్ చేసి, "ఎలా పోయారయ్యా?" అని అడిగారు.

"జీపుల్లో సార్. మనుషులందర్నీ ఎక్కించుకొని పోయినాడు. కండువా గూడా కప్పినారు."

సర్పంచ్ పోయింది వేరే పార్టీలోకి.

మర్నాడు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టారు. "మీ జిల్లాలో పోయినాడంటే ఊరికి పోయి ఉండవచ్చు, జైలుకు పోయి ఉండవచ్చు, ఇంకో పార్టీలోకి పోయి ఉండవచ్చు, పైకి పోయి ఉండవచ్చు. ఇక నుంచి ఆ మాట ఎవరు చెప్పినా, ఎక్కడికి అని అడగండి. అడగకుండా ఒక్క అక్షరం వెళ్ళకూడదు."

ఆయన అన్న 'ఎక్కడికి' మా నోళ్ళలో 'యాడికి' అయింది. చావు వార్త చెప్పడానికి విలేకరి ఫోన్ చేస్తే, ఎత్తినవాడు ముందు అడిగే మాట అదే. విలేకరి తాను ఆ ఇంటికి వెళ్ళి ఉండాలి. "పైకేనన్నా, నేను సూసినా" అనాలి. "అనుకుంటాండారు" అంటే వార్త లేదు. వినడానికి మోటుగా ఉంటుంది. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినా అడిగేవాళ్ళు. నాకు తెలిసినంతవరకు, బతికున్న మనిషి ఎవరూ మా పేజీలో చావలేదు. నారాయణరావు గారు పెద్ద వ్యాసాలు రాయలేదు, సభల్లో మాట్లాడలేదు. ఈ ఒక్క ప్రశ్న ఇచ్చి వెళ్ళారు. తర్వాత నాకు పైవాళ్ళుగా వచ్చినవాళ్ళలో ఎవరూ అంత పనికొచ్చే వస్తువు ఇవ్వలేదు.

సంతలో చేరడం

యాప్‌లో చేరమన్నది హైదరాబాదు ఆఫీసు. డిజిటల్ విభాగానికి పెద్ద కిరణ్. చురుకైనవాడు, మర్యాదస్తుడు, ఏ మాటకైనా సిద్ధంగా జవాబున్నవాడు. "పాఠకులు అక్కడున్నారు సార్. మనమే అక్కడికి వెళ్ళాలి" అన్నాడు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఒక వానాకాలం కుందూ నది పొంగి రోడ్ల మీదికి వచ్చినప్పుడు, ఏ దారి తెగింది, ఏ దారిలో బస్సు నడుస్తోంది అని మద్దిలేటి గంటగంటకూ అందులో పెట్టాడు. మర్నాటి పేపరు దాకా ఆగితే ఎందుకూ పనికిరాని కబురు అది. అది చూసి వాగు దాటకుండా ఆగినవాళ్ళు ఉన్నారు. కనుక ఆ యాప్ మొదటి నుంచీ చెడ్డదని నేను అనను.

అయితే వరద రోజూ రాదు. వరద లేని రోజుల్లో కూడా గంటగంటకూ ఏదో ఒకటి కావాలని హైదరాబాదు అడిగింది. ఏమీ లేకపోతే జనం రాసుకున్న వాటిలోంచి ఏరమంది. కొన్నాళ్ళకు మమ్మల్ని అడగడం మానేసి, అక్కడ కూర్చున్నవాళ్ళే ఏరడం మొదలుపెట్టారు. నంద్యాలకు ఫోన్ చేసి కనుక్కోవడానికి ఐదు నిమిషాలు పడుతుందట. ఆలోగా వేరే పత్రిక పెట్టేస్తుందట. పెట్టేస్తే ఏమవుతుందని అడిగాను. కిరణ్ నా వైపు జాలిగా చూశాడు. వీడియో మీటింగులో ఇంకేదీ సరిగా కనిపించదు కాని, జాలి బాగా కనిపిస్తుంది.

తొట్టెల పండుగ

ఓబులాచారి ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఆ ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళకు కొదవ లేదు. అయినా ఆంజనేయుడు కావాలంటే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అప్పుడు కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లె గుడి కమిటీకి ఆంజనేయుడిని చెక్కుతున్నాడు. ఒళ్ళు, ముఖం అయ్యాయి. పీఠం కొంచెం మిగిలింది. కళ్ళు చివరన, గుళ్ళో ప్రతిష్ఠ నాడు తెరవాలి. చేతులకు వణుకు పట్టిందని, ఇదే తన ఆఖరు విగ్రహమని ఆయనే చెప్పేవాడు. "దీన్ని గుళ్ళో నిలబెట్టి సుత్తి కింద పెడ్తా" అనేవాడు.

ఆ పని మధ్యలో, మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు సున్నిపెంటలో ఉన్న కూతురు సరోజ ఇంటికి వెళ్ళాడు. ఆయన ఇంటి పక్కనే బాషా రాళ్ళు కోసే మిషను నడుపుతాడు. ఆచారిని మామా అని పిలుస్తాడు. పక్కింట్లో చప్పుడు లేక తోచక, సంతలో ఆచారి ఫోటో పెట్టి, "మా ఓబులాచారి మామ పోయినాడు. ఉలి సప్పుడు లేక వీధి బోసిపోయింది" అని రాశాడు.

ఆళ్ళగడ్డలో ఆ మాట చదివి పొరబడినవాళ్ళు లేరు. "ఎప్పుడొస్తాడంట?" అని కింద ఒకరు అడిగారు కూడా. హైదరాబాదులో ఆ కింది మాట చదవలేదు. ఫోటోకు దండ వేశారు. దండ కింద దీపం పెట్టారు. "ప్రముఖ శిల్పి ఓబులాచారి కన్నుమూత" అని రాసి, మూలన మా పత్రిక ముద్ర వేసి వదిలారు.

మద్దిలేటి ఫోన్ పెట్టేయగానే నేను ఆచారి సెల్లుకు చేశాను. ఆచారే ఎత్తాడు.

"ఆచారీ, యాడుండావు?"

"ఈడనే, సున్నిపెంటలో. తొట్టి ఊపుతాండా. ఏమప్పా?"

"నువ్వు పోయినావంట గదా."

"అవ్, పోయినా. బస్సులో పోయినా. టికెట్ గూడా ఉండాది, సూపియ్యాల్నా?"

సంగతి చెప్పాను.

"దండ ఏం పూలది?" అన్నాడు.

"బంతిపూలు."

"కంప్యూటర్లో ఏసేదానికి గూడా మల్లెపూలు దొరకలేదా మీవోళ్ళకు!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వార్త మర్నాటి పేపర్లోకి రాకుండా ఆపాను. అంతటితో అయిపోయిందనుకున్నాం.

దండ ఎవరు తీయాలి

ఆచారి ఆళ్ళగడ్డకు తిరిగి వచ్చేసరికి, విగ్రహం తమకు వద్దని గుడి కమిటీ కబురు పంపి ఉంది. నేనూ మద్దిలేటీ ఆ పల్లెకు వెళ్ళి కమిటీ పెద్ద నాగిరెడ్డిని కలిశాం. మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"ఆచారి మీద మాకు కోపమేం లేదప్పా. ఇది దేవుని ప్రతిష్ఠ. దండేసిన ఫోటో ఊరంతా సూసినారు. ఒక మనిషిని సచ్చినోడని అందురూ అయ్యో అనేసినాక, మళ్ళా ఆ చేత్తోనే దేవునికి కండ్లు తెరిపిస్తే బాగుంటాదా? ఊర్లో ఒప్పుకుంటలేరు."

"బతికే ఉండాడు గదన్నా" అన్నాడు మద్దిలేటి.

"నాకు తెల్దా? మొన్న నాతోనే బీడీ తాగినాడు."

"పేపర్లో మేము వేయలేదు" అన్నాను.

"పేపరు ఎవురు సూస్తాండారు?" నాగిరెడ్డి జేబులోంచి సెల్లు తీసి నా ముందు పెట్టాడు. "నిన్న మా అల్లుడు పంపినాడు. మొన్న ఇంకోడు పంపినాడు. ఇదో, దీని మీద ఉండేది మీ పేరే గదా? మీరేసిన దండ మీరే తీయండి. అది లేకుండా పోతే ఊరికి నేను చెప్పుకుంటా. ఉగాది దాంకా ఆపుతా. ఆ పైన నా చేతుల్లో లేదు."

అది న్యాయమైన మాట. ఆచారి ఆఖరు విగ్రహం గుడికి చేరాలంటే మా పత్రిక ఒక బొమ్మను చెరిపేయాలి. రాయి మోయనక్కర్లేదు, గుడి కట్టనక్కర్లేదు. ఒక వేలు ఒకచోట నొక్కితే చాలు. తిరిగి రాగానే కిరణ్‌కు ఫోన్ చేశాను.

"డిలీట్ చేయలేం సార్. జిల్లాల నుంచి పెట్టినవాటిలో ఎక్కువ మందికి చేరింది అదే. తీసేస్తే ఆ షేర్లన్నీ పోతాయి."

"చేరింది అబద్ధం కదా కిరణ్. ఎక్కువ మందికి చేరితే ఎక్కువ అబద్ధం."

"కింద కామెంట్లో సవరణ పెట్టిస్తాను సార్. తీసేస్తే తప్పు దాచిపెట్టారంటారు. పారదర్శకత ముఖ్యం."

తప్పును అలాగే ఉంచడానికి ఆ మాట వాడవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

సవరణ పెట్టారు. దాన్ని చేరుకోవాలంటే ఆచారి కులాన్ని, చెక్కిన దేవుణ్ణి, మా పత్రికను తిట్టినవాళ్ళందరినీ దాటుకుంటూ కిందికి దిగాలి. అంత దూరం దిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. తప్పు ఏ పేజీలో, ఏ మూలన వస్తే సవరణ కూడా అదే పేజీలో, అదే మూలన రావాలని నారాయణరావు గారు పట్టుబట్టేవారు. తప్పు చదివిన కళ్ళే సవరణా చదవాలి కదా అనేవారు. కిరణ్‌కు ఈ సంగతి చెప్పాను. "పేపర్లో అది బాగుంటుంది సార్" అన్నాడు.

ఉండటం, పోవడం

అప్పటికే సంతలో ఉండాలా వద్దా అని మా సంస్థలో మీటింగులు జరుగుతున్నాయి. నన్నూ కూర్చోబెట్టేవాళ్ళు.

ఉండాలన్నవాళ్ళు, "మనం బయటికి వస్తే అక్కడ అబద్ధాలే మిగులుతాయి" అనేవాళ్ళు. మేము లోపల ఉండి చేర్చింది కూడా అబద్ధమే. "పాఠకులను వదిలేసి పోలేం" అనేవాళ్ళు. పాఠకుడంటే చదివేవాడు. బొమ్మ చూసి బొటనవేలితో పైకి నెట్టేవాణ్ణి ఆ పేరుతో ఎందుకు పిలవాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అసలు కారణం ఎవరూ పలికేవాళ్ళు కాదు. పక్క పత్రిక ఉంది కనుక మేమూ ఉన్నాం.

పోవాలన్నవాళ్ళు నోరు విప్పింది చాలా ఆలస్యంగా. బూతులు పెరిగినప్పుడు విప్పలేదు. ఒక వార్త రాసినందుకు మద్దిలేటిని ఇంటికొచ్చి చూసుకుంటామని అందులో బెదిరించినప్పుడూ విప్పలేదు. "బ్లాక్ చేయమనండి" అన్నారు. యాప్ నడిపేవాళ్ళు పత్రికల లింకులను జనానికి కనబడకుండా తొక్కడం మొదలుపెట్టాక, అక్కడి నుంచి మా వెబ్‌సైటుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయాక, అప్పుడు అందరికీ ఒకేసారి విలువలు గుర్తొచ్చాయి. "విద్వేషానికి వేదికైన చోట మా అక్షరం నిలవదు" అని ప్రకటన తయారైంది. రాసింది కిరణ్. ఉండటానికి కారణాలు రాసిందీ అతనే. రెండూ బాగా రాశాడు.

ఆఖరు మీటింగులో నేను ఒక్కటే అడిగాను. "పోయే ముందు ఓబులాచారి పోస్టు తీసేయండి."

"పాతవన్నీ అలాగే ఉంచేస్తున్నాం సార్. మన చరిత్ర కదా."

"అది మన చరిత్ర కాదు కిరణ్. ఆయన బతుకు."

"నోట్ చేసుకున్నాను సార్."

ప్రకటన వెలువడింది. ఉగాది దగ్గర పడుతోందని మళ్ళీ ఫోన్ చేశాను. ఆ ఖాతా చూసే బయటి ఏజెన్సీతో ఒప్పందం ముగిసిందని, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోవాలని చెప్పాడు. కనుక్కోలేదు. యాప్ వాళ్ళకు నేనే రాశాను. ఖాతా యజమాని మాత్రమే తీయగలడని ఒక యంత్రం జవాబిచ్చింది. ఖాతా యజమాని అప్పటికి హైదరాబాదులో అభినందనలు అందుకుంటున్నాడు. విలువల కోసం జనాన్ని వదులుకున్న పత్రిక అని మమ్మల్ని మెచ్చుకుంటూ పెద్దవాళ్ళు వ్యాసాలు రాశారు.

ఉన్నన్నాళ్ళూ తీయలేదు. పోయాక తీయలేకపోయారు. బొమ్మ అక్కడే ఉంది, మా ముద్రతో.

నాగిరెడ్డి మాట ప్రకారం ఉగాది దాకా ఆగాడు. తర్వాత వేరే చోట చెక్కించిన విగ్రహాన్ని తెచ్చి నిలబెట్టారు. ఆ వారంలో నేను ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఆంజనేయుడు ఆచారి ఇంటి గోడకు ఆనించి ఉన్నాడు. పైన గోనెపట్ట కప్పి ఉంది. పీఠం కూడా పూర్తయింది.

"కండ్లు తెరిపియ్యలేదా?" అని అడిగాను.

"గుడి లేకుండా కండ్లు తెరిస్తే ఆయప్ప ఎవుర్ని సూడాల? నన్నా? సచ్చినోన్నా?"

ఈసారి ఇద్దరమూ నవ్వలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీ పత్రిక ఒక యాప్‌లో ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉన్నందుకు మీరు ధైర్యవంతులు కారు, వదిలేసినందుకు పవిత్రులు కారు. ఆ రెండు మాటలూ మీటింగుల్లో చాలాసార్లు వింటారు. వినండి, నమ్మవద్దు. చేరేటప్పుడు ఒకటి కనుక్కోండి. మన పేరుతో అక్కడ తప్పు పడితే, దాన్ని తీసే చెయ్యి ఎవరిది? ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు మీకు తెలియకపోతే చేరకండి. పోయేటప్పుడు అక్కడ మీ పేరుతో ఎవరెవరి మీద ఏమేం మిగిలిందో చూడండి. మీరు వేసిన దండలు మీరే తీయండి. ఆ తర్వాత కావాలంటే ప్రకటన రాసుకోండి. ఈ పని చేస్తే ఎవరూ మెచ్చుకోరు, వ్యాసాలు రాయరు. కనుకనే చేసేవాళ్ళు తక్కువ.

మద్దిలేటి లాంటివాళ్ళు రోజంతా తిరిగి ఒక మాట నిజమో కాదో తేల్చుకుంటారు. ఆ మాటను అడగకుండానే వాడుకునేవాళ్ళు వాళ్ళకంటే ఎప్పుడూ పై మెట్టు మీద ఉంటారు. అది మారుతుందని మీకు చెప్పలేను.

మళ్ళీ

నేను రిటైరయ్యాను. నంద్యాల డెస్కును ఎత్తేసి హైదరాబాదులో కలిపారు. ఈ వేసవిలో ఒక పొద్దున మద్దిలేటి ఫోన్ చేశాడు.

"అన్నా, ఓబులాచారి పోయినాడు."

"యాడికి?" అన్నాను. అలవాటు.

"పైకేనన్నా. నేను సూసినా. ఆయప్ప ఇంట్లోనే ఉండా."

నేను బస్సెక్కి వెళ్ళాను. జనం పలుచగా ఉన్నారు. బాషా తలదగ్గర కూర్చుని ఉన్నాడు. అందరికీ తానే ఫోన్లు చేశాడట. కోయిలకుంట్ల వైపు వాళ్ళు ముగ్గురు నలుగురు, "మళ్ళీనా?" అని నవ్వి పెట్టేశారట. చెబుతూ చెబుతూ బాషా తన సెల్లును దూరంగా పెట్టేశాడు.

మద్దిలేటి పక్కకు పిలిచాడు. వార్త, ఫోటో పంపితే హైదరాబాదు డెస్కు తిప్పి పంపిందట. ఓబులాచారి పేరు కొడితే పాత పోస్టు కనబడిందట. ఇదివరకే వేశాం అన్నారట.

"అది అబద్ధం, ఇది నిజం అని చెప్పినానన్నా. 'నిజమే కావచ్చు బ్రదర్, కానీ రిపీట్ అవుతుంది' అన్నాడు ఆడుండే డెస్కాయన."

పేపర్లో ఆయన చావు ఎన్నడూ రాలేదు. వచ్చింది సంతలో. సంతను మేము విలువల కోసం వదిలేశాం కదా. అక్కడి అబద్ధాన్ని మాత్రం మా వెంట తెచ్చుకున్నాం.

సరోజ సున్నిపెంట నుంచి వచ్చి ఉంది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"మా నాయన ఫోటో పేపర్లో ఏస్తారా సారూ?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. ప్రయత్నం చేస్తామమ్మా అన్నాను.

"ఏస్తే, సచ్చిపోయినాడనే రాయండి సారూ. పోయినాడని రాయొద్దండి."

హైదరాబాదుకు నేనూ ఫోన్ చేశాను. ఎత్తినవాళ్ళకు నేనెవరో తెలియదు. మర్నాడు పేపరు తెప్పించి ప్రతి పేజీ చూశాను. రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. ఆంజనేయుడు ఇంకా ఆ గోడవారనే ఉన్నాడు.

మద్దిలేటి ఇప్పటికీ ఆళ్ళగడ్డ నుంచి వార్తలు పంపుతున్నాడు, చావు వార్తలు కూడా. అవతల ఎవరో తీసుకుంటారు. యాడికి అని ఎవరూ అడగడం లేదు.